కొండల స్టేజి

ఆ గురువారం ప్రభావతి తను పనిచేసే స్కూలుకు సెలవు పెట్టింది. సాయంత్రం ఐదింటికి కొడుకు నానీ జ్ఞాపకార్థ కూడిక. వాడు పోయి ఆ రోజుకు సరిగ్గా రెండేళ్ళు. పాస్టరుగారు, చర్చి నుంచి ఓ పాతికమంది వస్తారు. వాళ్ళకు పులిహోర, టీ ఇద్దామనుకుంది. తెల్లవారుతూనే చింతపండు నానబెట్టి, కూతుర్ని లేపుదామని హాల్లోకి వచ్చింది. కిటికీ పక్క కుర్చీలో భర్త కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు.

ఏం రాస్తున్నాడో తొంగిచూడాల్సిన పని లేదు. జులై నెల వస్తే ఆ ఇంట్లో అదే రాత.

క్రీస్తుదాసు ఏలూరులో ఓ మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి నిరుడే రిటైరయ్యాడు. క్రికెట్టూ చూడడు, సినిమాలూ చూడడు. ఏటా జులైలో ఫ్రాన్సులో మూడు వారాలపాటు సైకిలు పందెం జరుగుతుంది. అదొక్కటే ఆయన పిచ్చి. రోజూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుతారు, ఆ ఒక్కరోజు పందేన్ని స్టేజి అంటారు. ఒకరోజు చదును నేల, ఒకరోజు కొండలు. ఏ రోజుకారోజు గెలిచినవాడు వేరు, మూడు వారాల టైమూ కలిపితే అందరికన్నా ముందున్నవాడు వేరు. వాడికి పసుపు చొక్కా. ఇవన్నీ ప్రభావతికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నానీకి పదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచం మీద ఉంటే, వాడికి తోచడం లేదని తండ్రి టీవీలో ఆ పందెం పెట్టాడు. ఆ తర్వాత పన్నెండు జులైలు తండ్రీకొడుకులు ఇద్దరూ టీవీ ముందు నుంచి కదిలితే ఒట్టు. వంటింట్లో కూర తరుగుతూ ఆ గోలంతా వినీవినీ, ఎవడు ముందు పారిపోయాడో, వెనకున్న గుంపు వాణ్ని ఏ కొండ మీద పట్టుకుంటుందో ఆమెకూ తెలిసిపోయేది. కొండల స్టేజి ఉన్న రోజున రెండుసార్లు టీ పెట్టేది. ఆ రోజు పందెం పెందలాడే మొదలవుతుంది మరి.

నోటుబుక్కులో మూడు గడులు గీసేవారు. మొదటి దాంట్లో ఆ రోజు గెలిచినవాడి పేరు. రెండోది తండ్రి జోస్యం, మూడోది కొడుకు జోస్యం. ఇప్పుడు ఆ మూడో గడి ఖాళీగా ఉండాలి. లేదు. రెండేళ్ళుగా ఆయనే అందులో కూడా ఏదో ఒక పేరు రాస్తున్నాడు.

"ఏవండీ, ఇవాళ కూడానా?" అంది ప్రభావతి.

క్రీస్తుదాసు పుస్తకం మూసేశాడు. "ఊరికే రాసుకుంటున్నాను ప్రభా."

"ఇవాళ ఏం రోజో గుర్తుందాండీ మీకు?"

"గుర్తు లేకపోవడమేమిటి!"

"గుర్తుంటే ఆ పుస్తకం ముట్టుకోబుద్ధేస్తుందా? ఏ పందెం పిచ్చి నా బిడ్డను పొట్టన పెట్టుకుందో, దాన్నే ఇంకా పట్టుకు ఊగులాడుతున్నారు. మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క సాయంత్రం టీవీ పెట్టకండి. వచ్చినవాళ్ళు నవ్వుతారు."

"పెట్టనులే," అన్నాడాయన నెమ్మదిగా.

పక్కగదిలోంచి గ్రేస్ లేచి వచ్చింది. ఆమె తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. కూడిక కోసమని ముందురోజు సాయంత్రమే రైలెక్కి వచ్చింది. "పొద్దున్నే ఎందుకమ్మా నాన్నని అలా అంటావు?" అంది.

"ఏమన్నానే? ఉన్నమాటే కదా అన్నాను."

ఉన్నమాటే అని ప్రభావతి నమ్మకం. నానీ ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకుంటున్నాడు. సైకిలు పోటీల్లో జిల్లాకు రెండుసార్లు ఫస్టు వచ్చాడు. ఆ మధ్యాహ్నం కొల్లేటి మీదుగా కైకలూరు వెళ్ళే రోడ్డులో చేపల వ్యాను గుద్దింది. ఆస్పత్రికి తీసుకొచ్చేలోపే అయిపోయింది. "ఈ మండుటెండలో అటువైపు ఎందుకెళ్ళాడండీ?" అని ఆమె గుండెలు బాదుకుంటూ అడిగితే, "నేనే ప్రాక్టీసుకి పంపాను. వంద కిలోమీటర్లు తొక్కి రమ్మన్నాను," అన్నాడు క్రీస్తుదాసు.

ఆ ఒక్కమాటా ఆమెకు చాలింది. సమాధి దగ్గర అందరూ వింటుండగానే అంది, కొడుకు చేతికి సైకిలిచ్చి లారీల కిందికి తోలాడని. చర్చిలో అంది, చుట్టాల ముందు అంది, కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అంటే దానికీ ఇదే జవాబు చెప్పింది. గొంతు ఎప్పుడూ పెంచలేదు. 'మీరు' అనడం, 'అండీ' అనడం మానలేదు. ఆ మెత్తదనంతోనే కోసేది. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చలేదు. పెట్టె మీద మన్ను పోస్తున్నప్పుడు కూడా స్కూలు గ్రౌండులో పిల్లల వరస చూస్తున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. అది మాత్రం ఆమె క్షమించలేకపోయింది.

సాయంత్రం కూడిక బాగానే జరిగింది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పాటలు పాడారు. పాస్టరుగారు వాక్యం చెప్పి, నానీ చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వేసి స్టేజి మీదే నిద్రపోయిన సంగతి చెబితే అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. క్రీస్తుదాసు వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆరు దాటాక ప్రార్థన ముగిసింది. పులిహోర ప్లేట్లు పంచుతుండగా ప్రభావతి చూస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

పక్కింటి వెంకటలక్ష్మి దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. "మాస్టారు ఆ చివరి గదిలో ఏడుస్తున్నట్టున్నారండీ. ఓసారి వెళ్ళి చూడండి."

ప్రభావతి చేతిలో గరిటె ఆగిపోయింది. ఏడుస్తున్నాడా! రెండేళ్ళు ఆ మనిషిలో ఆమె ఎదురుచూసింది దానికోసమే. లోపల ఎక్కడో బిగుసుకున్నదేదో వదులైనట్టనిపించింది. గరిటె కూతురికిచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని గబగబా నడిచింది. ఆయన పక్కన కూర్చోవాలనీ, వీపు మీద చెయ్యి వేయాలనీ, ఇక ఎప్పుడూ ఏమీ అనకూడదనీ ఆ పది అడుగుల్లోనే అనుకుంది.

తలుపు తోసింది. నానీ మంచం మీద క్రీస్తుదాసు కూర్చున్నాడు. భుజాలు ఎగసిపడుతున్నాయి. గడ్డం మీంచి కన్నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఫోను ఉంది. ఫోనులో పచ్చటి కొండలు, వంపులు తిరిగిన రోడ్డు, రంగురంగుల చొక్కాల సైకిళ్ళు.

ప్రభావతి లోపలికి వచ్చి ఫోను వైపు వేలు చూపించింది.

"ఏవండీ," అంది. "దేనికి ఏడుస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడి ఫోను బోర్లించాడు. "ఏం లేదు. ఆ నార్వే అతను... కొండ దిగుతూ పడిపోయాడు..."

"ఎవడు వాడు? మీ తమ్ముడా? మేనల్లుడా? ఏ ఊరివాడో, వాడి తల్లెవరో తెలియనివాడి కోసం ఇంత ఏడుపొచ్చిందా మీకు!" ఆమె గొంతు మొదటిసారి లేచింది. హాల్లో మాటలు ఆగిపోయాయి. "నా కొడుకు రోడ్డు మీద పడినప్పుడు ఏమయ్యాయండీ ఈ కన్నీళ్ళు? మట్టి వేస్తున్నప్పుడు ఏమయ్యాయి?"

"ప్రభా, బయట అందరూ ఉన్నారు..."

"ఉండనీండి! అందరూ విననీండి. వాణ్ని చంపింది మీరు. వ్యాను వాడు కాదు, మీరే. ఎండలో వంద కిలోమీటర్లు తొక్కమని పంపి, మీరిక్కడ ఫ్యాను కింద టీవీ ముందు కుర్చీ వేసుక్కూర్చున్నారు. నా బిడ్డ స్థానంలో మీరు పోయినా ఇంత బాధపడేదాన్ని కానండీ!"

క్రీస్తుదాసు తల వంచుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ గ్రేస్ చేతిలోని గరిటె కింద పెట్టింది.

"చాలమ్మా. ఇంక చాలు. తమ్ముడు ఆ రోజు ప్రాక్టీసుకి వెళ్ళలేదు."

"గ్రేస్!" అని కసిరాడు తండ్రి. ఆయన కూతురి మీద అరవడం ఎవరూ ఎరగరు.

"చెప్పనీ నాన్నా. రెండేళ్ళు చూశాను. ఇంక నావల్ల కాదు." గ్రేస్ తల్లివైపు తిరిగింది. "వాడు కైకలూరు వెళ్ళాడమ్మా. రూతు పిన్నింటికి."

ప్రభావతి మంచం కోడు పట్టుకుంది.

రూతమ్మ ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. ఐదేళ్ళ క్రితం వాళ్ళ అమ్మ కైకలూరులో, రూతమ్మ ఇంట్లోనే పోయింది. కబురు ఆలస్యంగా అందింది. ప్రభావతి వెళ్ళేసరికి పెట్టె మూసేసి ఉంది. కడసారి అమ్మ ముఖం చూడనివ్వలేదని చెల్లెలి ఇంటిముందే దుమ్మెత్తి పోసి వచ్చింది. "నేను చచ్చినా అది నా గడప తొక్కకూడదు" అని ఇంట్లో అందరితో ఒట్టు వేయించుకుంది.

"అప్పటికి పది రోజుల్లో నీ యాభయ్యో పుట్టినరోజు," అంది గ్రేస్. "ఆ రోజుకి పిన్నిని తీసుకొచ్చి నీ ముందు నిలబెట్టాలనుకున్నాడు. నాకూ నాన్నకూ మాత్రమే చెప్పాడు. బస్సులో వెళ్తే నీకు తెలిసిపోతుందని, ప్రాక్టీసు పేరు చెప్పి సైకిలు మీద వెళ్ళాడు. పిన్ని ఒప్పుకుంది. వస్తానంది. ఆ సంగతి నాకు ఫోను చేసి చెప్పాడమ్మా. వాడి గొంతు నేను విన్న ఆఖరిసారి అదే. 'అక్కా, పిన్ని వస్తానంది' అని ఎగిరి గంతేసినంత పని చేశాడు."

"మరి నాతో... మరెందుకు నాతో..."

"ఎందుకు చెప్పలేదంటావా? ఆస్పత్రి వరండాలో, నువ్వు రాకముందే, నాన్న నాచేతా పిన్నిచేతా ఒట్టు వేయించుకుని పిన్నిని పంపేశాడు. 'దాని పంతం మాన్పించడానికి వెళ్ళి వాడు పోయాడని తెలిస్తే అది బతకదు. నన్ను అననివ్వండి, నేను పడతాను' అన్నాడు."

హాల్లో ఎవరో సన్నగా దగ్గారు. పాస్టరుగారు అందర్నీ మెల్లగా బయటికి పంపుతున్న చప్పుడు వినిపించింది. ప్రభావతి నేలమీద కూలబడింది. చాలాసేపు ఆమెకు ఏడుపు కూడా రాలేదు. రెండేళ్ళలో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వరసగా గుర్తొస్తున్నాయి. ఉప్పు తక్కువైన రోజు అన్నది కూడా.

"ఏవండీ," అంది చివరికి. "నన్ను క్షమించండి."

క్రీస్తుదాసు ముఖం తుడుచుకున్నాడు. "క్షమించడానికేముంది ప్రభా. నువ్వన్నవన్నీ భరిద్దామనే అనుకున్నాను. మొదట్లో బానే ఉంది. ఇది అబద్ధమే కదా, నాకు తెలుసు కదా అనుకునేవాణ్ని. వినగా వినగా ఎప్పుడో తెలియకుండానే నమ్మేశాను. ఇప్పుడు రోజూ నిద్ర లేస్తూనే నాకొచ్చే మొదటి ఆలోచన, నేనే వాణ్ని చంపానని. నువ్విప్పుడు కాదన్నా అది పోదు."

ప్రభావతి నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఎండ తగ్గాక బయల్దేరమని మరీమరీ చెప్పాను," అన్నాడాయన తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "సాయంత్రం చల్లగా రారా, తొందరేం లేదన్నాను. మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి ఎందుకు బయల్దేరాడో... అదొక్కటీ నాకిప్పటికీ తెలియదు. రూతమ్మని అడిగే ధైర్యం లేకపోయింది."

ఆమె నోట్లోంచి కొంగు తీసి అడిగింది. "ఆ నార్వే ఆయన... ఏమయ్యాడు?"

"నానీకి ఇష్టమైనవాడు. పదేళ్ళు తన జట్టులో వేరేవాళ్ళని గెలిపించడానికే తొక్కాడు. వయసైపోయింది, వచ్చే ఏడు పందేనికి రాడట. ఇవాళ ఒక్కడే ముందున్నాడు. మలుపులో జారి రాళ్ళమీద పడ్డాడు. కదల్లేదు. అయిపోయిందనుకున్నాను." ఆయన ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "లేచాడు ప్రభా. మోకాలంతా రక్తం. సైకిలెక్కి మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. అంత వేగంలో పడ్డవాడు లేచాడు. అందుకే... ఏడుపు ఆగలేదు."

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి భార్యాభర్తలిద్దరూ కైకలూరు బస్సెక్కారు. వెళ్దామన్నది ప్రభావతే. ఆయన చొక్కా వేసుకుని చెప్పులు వేసుకున్నాడు. రెండేళ్ళలో ఆ రోడ్డు మీదికి ఇద్దరూ వెళ్ళలేదు. ఊళ్ళు దాటాక రెండువైపులా చేపల చెరువులు మొదలయ్యాయి. గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళల్లో తిరుగుతున్న యంత్రాల చక్రాలు, దూరంగా కొల్లేటి నీళ్ళమీద తెల్లగా పక్షులు. ఒకచోట బస్సు మలుపు తిరుగుతుంటే క్రీస్తుదాసు కళ్ళు మూసుకున్నాడు. అది ఏ చోటో ప్రభావతికి అర్థమైంది. ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన చెయ్యి తీసేసుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

రూతమ్మ భర్త చేపల మేత దుకాణంలో గుమాస్తా. మార్కెట్టు వెనక సందులో చిన్న డాబా వాళ్ళది. రూతమ్మ తలుపు తీసి, అక్కను చూసి, తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఐదేళ్ళకు జుట్టు సగం నెరిసింది.

"లోపలికి రానిస్తావుటే?" అంది ప్రభావతి.

"అక్కా!" అని రూతమ్మ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. "అమ్మ విషయంలో నా తప్పే అక్కా... ఫోను కలవలేదు... ఆ ఎండల్లో పెట్టె ఉంచలేమన్నారు..."

"అది వదిలెయ్యవే. అదంతా వదిలెయ్యి."

క్రీస్తుదాసును ముందుగదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. రూతమ్మ పొయ్యి వెలిగించబోతే ప్రభావతి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ రోజు వాడేం తిన్నాడే?"

రూతమ్మ అగ్గిపెట్టె గట్టు మీద పెట్టింది. "రెండు ఇడ్లీలు. పదింటికి వచ్చాడు కదా, పొద్దుటివి మిగిలితే పెట్టాను. కొరమీను తెప్పించి పులుసు పెడతాను, తిని నిద్రపోయి సాయంత్రం వెళ్ళరా అన్నాను. వినలేదక్కా."

"ఎందుకు వినలేదు?"

"వద్దులే అక్కా."

"చెప్పవే. నేను పడతానులే."

రూతమ్మ గొంతు తగ్గించింది. "ఇవాళ టీవీలో కొండల స్టేజి ఉంది పిన్నీ, నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి అన్నాడు. రేపు చూసుకోవచ్చు కదరా అన్నాను. 'నాన్న ఒక్కడే చూస్తే ఆయనకి బావుండదు పిన్నీ. నేను పక్కన లేకపోతే సరదాపడడు' అన్నాడు. నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఈ మాట బావగారికి నేను చెప్పలేదు. ఎలా చెప్పను?"

ప్రభావతి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. తను రెండేళ్ళు కత్తిలా వాడిన మాటలో ఒక ముక్క నిజం కూడా ఉందని అప్పుడు తెలిసింది. నిన్నటిదాకా ఈ సంగతి దొరికి ఉంటే ఏం చేసేదో కూడా తెలిసింది. అది తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే భయమేసింది.

"చెప్పకు," అంది. "ఎప్పుడూ చెప్పకు. నా మీద ఒట్టు."

ముందుగదిలోకి వచ్చేసరికి క్రీస్తుదాసు గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. నీళ్ళు తాగలేదు. భార్య ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"అడిగావా?" అన్నాడు. "ఎందుకు తొందరపడ్డాడట?"

ఆమె ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "నావల్లేనండీ. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటాననీ, నన్ను బజారుకు తీసుకెళ్ళి పుట్టినరోజు చీర కొనిపెడతాననీ ముందురోజు అన్నాడు. నేనే మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు. అమ్మ ఎదురుచూస్తుంది పిన్నీ అని బయల్దేరిపోయాడట."

వంటింటి గుమ్మంలో రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

క్రీస్తుదాసు గ్లాసు కిటికీలో పెట్టి, రెండు అడుగులు వేసి, భార్య తలమీద చెయ్యి వేశాడు. రెండేళ్ళలో ఆయన ఆమెను ముట్టుకోవడం అదే మొదలు.

"ఇందులో నీ తప్పేం లేదు ప్రభా," అన్నాడు. "విన్నావా? నీ తప్పేం లేదు. మనసులో పెట్టుకోకు."

ఆ మాట చెప్పడానికి ఆయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ప్రభావతి ఆయన గుండెమీద తల ఆనించి, ఆయనకు ఎన్నటికీ చెప్పకూడనిదాన్ని పళ్ళబిగువున పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.